భూ వినియోగ మార్పిడి ప్రకటనలు – పరిసర నివాసుల అభ్యంతరాలు: నేపథ్య వివరాలు

(పత్రికా ప్రతినిధులు, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం)

ఇంటి పక్కనున్న ఖాళీ స్థలం చుట్టూ రేకులు పాతి, లోపలికి జేసీబీ దిగిన తరువాతనే కాలనీవాసులు పురపాలక కార్యాలయానికి రావడం సర్వసాధారణం. వారికి లభించే సమాధానం కూడా దాదాపు ఒకే తీరులో ఉంటున్నది. "ఆ స్థలం వినియోగం ఎప్పుడో మారింది. అభ్యంతరాల గడువు ముగిసింది. ఇప్పుడు మేము చేయగలిగింది లేదు." ఈ సమాధానం చట్టరీత్యా తప్పు కాకపోవచ్చును. అయితే ఆ గడువు ఎప్పుడు మొదలైనదో, ఏ పత్రికలో ఏ మూలన ప్రచురితమైనదో వచ్చినవారిలో ఒక్కరికీ తెలియకపోవడమే ఇటువంటి వివాదాలలో అధిక భాగానికి మూలంగా ఉన్నది. ప్రభుత్వ ప్రకటనలు సమాచార శాఖల ద్వారానే పత్రికలకు చేరుతున్నందున, ఈ విషయంలో కొంత బాధ్యత మనపైన కూడా కలదు.

ఉభయ తెలుగు రాష్ట్రాలలో భూ వినియోగ మార్పిడి ఏ విధంగా జరుగుతున్నదో, నివాసులు తమ అభ్యంతరాన్ని ఎక్కడ, ఎప్పుడు తెలియజేయవలసి ఉంటుందో ఈ వ్యాసంలో వివరించడమైనది.

మాస్టర్ ప్లాన్ – చట్టబద్ధత

పట్టణ ప్రాంతంలోని ప్రతి సర్వే నంబరుకు మాస్టర్ ప్లాన్‌లో ఒక వినియోగం నిర్దేశించబడి ఉంటుంది. పటంలో సాధారణంగా పసుపు రంగు నివాస ప్రాంతాన్ని, నీలం వాణిజ్యాన్ని, ఊదా పరిశ్రమలను, ఆకుపచ్చ ఉద్యానవనాలు, వ్యవసాయ భూములను సూచిస్తాయి. స్థలం యజమాని తన ఇష్టానుసారం ఆ రంగును మార్చుకొనే వీలు లేదు. అధికారులు సైతం కార్యాలయంలో కూర్చుని ఒక్క సంతకంతో మార్చడానికి వీలు లేదు. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని ప్రాంతాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1975 నాటి పట్టణ ప్రాంతాల (అభివృద్ధి) చట్టం వర్తించేది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ ఈ చట్టాన్ని అన్వయించుకొనగా, ఆంధ్రప్రదేశ్ 2016లో మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టాన్ని తీసుకొనివచ్చింది. హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2008 నాటి హెచ్.ఎం.డి.ఏ. చట్టం కలదు. అభివృద్ధి సంస్థల పరిధిలోకి రాని పురపాలక సంఘాలలో నేటికీ 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం పేరు వినబడుతూ ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో వచ్చిన చట్టం శతాబ్దం దాటిన తరువాత కూడా బజారు వీధి రంగును నిర్ణయిస్తున్నదంటే కొత్తగా విధులలో చేరిన విలేఖరులకు ఆశ్చర్యం కలగడం సహజం.

చట్టాలు వేరైనా ప్రక్రియ సారాంశం ఒకటే. 1975 చట్టంలోని 12వ సెక్షను ప్రకారం ప్రభుత్వం తనంతట తానుగా గాని, అభివృద్ధి సంస్థ ప్రతిపాదనపై గాని మాస్టర్ ప్లాన్‌కు మార్పు చేయవచ్చును. అయితే మార్పు చేయడానికి ముందు ముసాయిదా ప్రకటన వెలువరించి, ఎవరి నుండియైనా అభ్యంతరాలు, సూచనలు ఆహ్వానించవలెను. నిర్ణీత తేదీలోగా అందిన వాటినన్నిటినీ పరిశీలించిన తరువాతనే తుది ఉత్తర్వు జారీ చేయవలసి ఉన్నది. హెచ్.ఎం.డి.ఏ. చట్టంలో 15వ సెక్షను ఇటువంటిదే. "ఎవరి నుండియైనా" అన్న మాటను ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. అభ్యంతరం తెలియజేయడానికి పక్క స్థలం యజమానియే కానవసరం లేదు. అద్దెకుండే కుటుంబానికి, ఆ దారిన నడిచే విద్యార్థి తండ్రికి, ఆ చెరువు నీటిపై ఆధారపడిన రైతుకు కూడా చట్టం ఈ హక్కును కల్పించింది.

పదిహేను రోజుల గడువు

ముసాయిదా ప్రకటనలలో అభ్యంతరాలకు సాధారణంగా ఇచ్చే గడువు 15 రోజులు. చాలా ప్రకటనలలో ఈ గడువును గెజిట్‌లో ప్రచురితమైన తేదీ నుండి లెక్కించడం జరుగుతున్నది. గెజిట్ వెలువడిన రోజున అది కాలనీ గేటు వద్దకు రాదు. పత్రికలో ప్రకటన కొన్ని రోజులు ఆలస్యమైనచో ఆ మేరకు నివాసుల గడువు తరిగిపోయినట్లే.

ప్రకటనలో ఉండే సమాచారాన్ని కూడా ఒక్కసారి పరిశీలించవలసి ఉన్నది. గ్రామం పేరు, మండలం పేరు, సర్వే నంబర్లు, విస్తీర్ణం ఎకరాలు గుంటలలో, ఉత్తర దక్షిణ తూర్పు పడమర హద్దులలో ఉన్న సర్వే నంబర్లు, ప్రస్తుత వినియోగం, ప్రతిపాదిత వినియోగం అందులో ఉంటాయి. కాలనీ పేరు, వీధి పేరు, సమీపంలోని గుడి లేదా పాఠశాల పేరు సాధారణంగా ఉండవు. షెడ్యూలు ఎక్కువ సందర్భాలలో ఆంగ్లంలోనే ఉంటున్నది. తమ ఇంటి సర్వే నంబరు దస్తావేజులో తప్ప మరెక్కడా చూడని గృహస్థుకు, పక్క స్థలం సర్వే నంబరు పత్రికలో కనిపించినా అది తనకు సంబంధించిన సంగతియని తెలిసే అవకాశం స్వల్పం. ప్రకటన ఇచ్చిన అధికారి నిబంధన పాటించినట్లే, ప్రచురించిన పత్రిక బాధ్యత నెరవేర్చినట్లే. అయినా తెలియవలసినవారికి విషయం తెలియలేదు.

ఈ సందర్భంలో సమాచార హక్కు చట్టాన్ని ప్రస్తావించక తప్పదు. ముసాయిదాకు సంబంధించిన నివేదికలు, సాంకేతిక పరిశీలన, పటాలు కావాలని నివాసులు 2005 నాటి ఆ చట్టం కింద దరఖాస్తు చేసినచో, పౌర సమాచార అధికారికి సమాధానమివ్వడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. అభ్యంతరానికి 15 రోజులు, అభ్యంతరం వ్రాయడానికి అవసరమైన కాగితానికి 30 రోజులు! రెండు గడువులూ చట్టబద్ధమైనవే గాని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూచినప్పుడు నివాసుల ఆవేదనలో న్యాయమున్నదని అంగీకరించవలసి వస్తుంది. అదే చట్టంలోని 4వ సెక్షను మరొక మార్గాన్ని సూచిస్తున్నది. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలకు సంబంధించిన వాస్తవాలను ఎవరూ అడగకుండానే ప్రచురించవలెనని, నిర్ణయాలకు గల కారణాలను ప్రభావితులకు తెలియజేయవలెనని అందులో ఉన్నది. ముసాయిదాతో పాటే పటం, సాంకేతిక నివేదిక వెబ్‌సైటులో ఉంచినచో ఈ చిక్కు సగం తీరుతుంది. దీనికి కొత్త చట్టం అవసరం లేదు.

కామారెడ్డి ఉదంతం

ముసాయిదా దశలోనే ప్రజలకు విషయం తెలిసినప్పుడు ఏమి జరుగుతుందో, సక్రమంగా తెలియజేయనప్పుడు ఏమి జరుగుతుందో కామారెడ్డి ఉదంతం చెబుతున్నది. 2022 చివరిలో ఆ పట్టణానికి రూపొందించిన ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పరిసర గ్రామాల సాగు భూములు పారిశ్రామిక మండలంలోను, హరిత మండలంలోను, ప్రతిపాదిత 100 అడుగుల రహదారులలోను చూపబడ్డాయి. పట్టణాన్ని ఆనుకొని ఉన్న భూమికి ఈ రంగు పడినచో అమ్ముకొనడానికీ, ఇల్లు కట్టుకొనడానికీ, పిల్లల పెళ్ళికి తాకట్టు పెట్టడానికీ పనికిరాదన్న భయం గ్రామాలలో వ్యాపించింది. 2023 జనవరి తొలి వారంలో ఒక రైతు ఆత్మహత్య చేసుకొనడంతో ఆందోళన తీవ్రరూపం దాల్చి, రైతులు కుటుంబాలతో సహా కలెక్టరు కార్యాలయం వద్దకు తరలివచ్చారు.

అధికారులు చెప్పినది వాస్తవమే. అది ముసాయిదా మాత్రమే, అభ్యంతరాల స్వీకరణ ఇంకా కొనసాగుతున్నది, ఎవరి భూమీ సేకరించడం లేదు. కాని "ముసాయిదా" అన్న మాటకు కార్యాలయంలో ఉన్న అర్థం వేరు, రచ్చబండ వద్ద ఉన్న అర్థం వేరు. పటంపై అచ్చయినది అప్పుడే నిర్ణయమైపోయినట్లు గ్రామస్థులు భావించారు. భూ వినియోగ నిర్దేశానికీ, భూసేకరణకూ గల భేదాన్ని వారికి ముందుగా వివరించినవారు లేరు. అదే జనవరిలో కామారెడ్డి పురపాలక సంఘం ముసాయిదాను రద్దు చేయవలసిందిగా తీర్మానించింది. జగిత్యాలలో కూడా అటువంటి ఆందోళనలే తలెత్తి, ముసాయిదాను ఉపసంహరించుకొనడం జరిగింది.

ఈ ఉదంతాన్ని అధికారుల వైఫల్యంగానో, రైతుల విజయంగానో మాత్రమే వ్రాయడం వలన ప్రయోజనం తక్కువ. ప్రణాళికే లేని పట్టణం కూడా ఆ రైతులకు, రేపు అక్కడ ఇల్లు కట్టుకొనేవారికి మేలు చేయదు. రహదారి వెడల్పు, మురుగునీటి పారుదల, బడికి స్థలం ఎవరూ ముందుగా కేటాయించనిచోట తరువాత కొనవలసి వస్తుంది. ముసాయిదా పటాన్ని గ్రామ పంచాయతీ గోడపై, తెలుగులో, రైతు తన పొలాన్ని గుర్తించగలిగే ప్రమాణంలో అంటించి, ఒక అధికారి అక్కడ కూర్చుని సందేహాలకు సమాధానమిచ్చి ఉన్నట్లయితే ఏమి జరిగి ఉండేదన్నది ఆలోచించవలసిన విషయం.

న్యాయస్థానాల తీర్పులు

నివాసుల ఫిర్యాదుకు విలువ లేదన్న అభిప్రాయం కొన్ని కార్యాలయాలలో ఇంకను ఉన్నది. న్యాయస్థానాల తీర్పులు దీనికి భిన్నంగా ఉన్నాయి. ఉడుపి పట్టణంలో నివాస ప్రాంతంలో సినిమా థియేటరుకు పురపాలక సంఘం ఇచ్చిన అనుమతిని అక్కడి నివాసి ఒకరు సవాలు చేయగా, సుప్రీం కోర్టు 1974లో ఆయన పక్షాన తీర్పునిచ్చింది. అధికార పరిధి మీరి ఇచ్చిన అనుమతి, ఎవరూ అడ్డు చెప్పలేదన్న కారణంతో చెల్లుబాటు కాజాలదని ఆ తీర్పు సారాంశం. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో ఉద్యానవనానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి నిర్మాణానికి ఇవ్వడం చెల్లదని అదే న్యాయస్థానం 1991లో ప్రకటించింది. ఆసుపత్రి కూడా ప్రజాప్రయోజనమే కదా అన్న వాదన నిలువలేదు.

ఇటీవలి కాలంలో అందరికీ తెలిసినది నోయిడా జంట గోపురాల వ్యవహారం. తమ సముదాయంలో కొత్త భవనాలకు, పాత భవనానికి మధ్య ఉండవలసిన 16 మీటర్ల దూరానికి బదులు 9 మీటర్లే ఉన్నదని అక్కడి ఫ్లాట్ల యజమానుల సంఘం 2012లో హైకోర్టును ఆశ్రయించింది. 2014లో హైకోర్టు, 2021 ఆగస్టు 31న సుప్రీం కోర్టు కూల్చివేతకు ఆదేశించగా, 2022 ఆగస్టు 28న ఆ భవనాలు నేలమట్టమయ్యాయి. సంఘం గెలిచింది, కాని పదేళ్ళు పట్టింది. మొదటి అనుమతి సవరించిన రోజుననే అభ్యంతరాన్ని ఆలకించి ఉన్నట్లయితే ఇంత ధనం, ఇంత కాంక్రీటు వృథా అయ్యేది కాదు.

ఎత్తు, సెట్‌బ్యాక్‌లు, సెల్లారు తవ్వకాలు

భూ వినియోగం మారకపోయినా నివాసులకు ఇబ్బంది కలిగించే మార్పు మరొకటి కలదు. 2006 మార్చి 3న జారీ అయిన జి.ఓ. 86 ద్వారా హైదరాబాద్‌లో నిర్మిత వైశాల్యంపై ఉన్న ఎఫ్.ఎస్.ఐ. పరిమితిని తొలగించి, భవనం ఎత్తును ముందున్న రహదారి వెడల్పుతోను, చుట్టూ వదలవలసిన సెట్‌బ్యాక్‌తోను ముడిపెట్టారు. 2012 ఏప్రిల్ 7 నాటి జి.ఓ. 168 ఈ విధానాన్నే కొనసాగించింది. ఆ నిబంధనలు జారీ అయిన నాటికి 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల కట్టడాన్ని బహుళ అంతస్తుల భవనంగా పరిగణించి, చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీని నిర్దేశించారు. ఫలితంగా రెండంతస్తుల ఇళ్ళున్న వీధిలో, రహదారి వెడల్పు అనుమతించినంత మేర, ఏ వినియోగ మార్పిడి లేకుండానే పెద్ద భవనం లేవవచ్చును. పక్కింటివారి దృష్టిలో అది వీధి స్వరూపం మారిపోవడమే. చట్టం దృష్టిలో అది నివాస ప్రాంతంలో నివాస భవనం. ఇటువంటి సందర్భంలో ముసాయిదా ప్రకటన ఉండదు, అభ్యంతరాల గడువు ఉండదు.

పెద్ద నిర్మాణాలకు పర్యావరణ అనుమతి అవసరమే. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత వైశాల్యం గల భవనాలు ఈ అనుమతి పొందవలసి ఉన్నది. అయితే భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుండి అదే ప్రకటన మినహాయింపునిచ్చింది. కర్మాగారానికి గ్రామసభ వలె బహిరంగ విచారణ జరుగుతుంది గాని, వేయి ఫ్లాట్ల సముదాయానికి జరుగదు. విలేఖరులు తరచుగా "ప్రజాభిప్రాయ సేకరణ జరపకుండానే" అని వ్రాయడం గమనించాము. ఇక్కడ అధికారులు నిబంధన అతిక్రమించారని అనలేము, నిబంధనే ఆ విధంగా ఉన్నది. ఇచ్చిన పర్యావరణ అనుమతిపై 30 రోజులలోగా, తగిన కారణం చూపినచో మరి 60 రోజులలోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకొనవచ్చును.

తెలంగాణలో 2020 నాటి స్వీయ ధ్రువీకరణ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలానికి నమోదు మాత్రమే సరిపోతుంది. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు తక్షణ అనుమతి, అంతకు మించిన వాటికి 21 రోజులలో అనుమతి నిర్దేశించబడ్డాయి. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ సామాన్య గృహస్థుకు తప్పినందుకు సంతోషించవలసిందే. అదే సమయంలో, అనుమతికి ముందు పొరుగువారు మాట్లాడేందుకు ఉన్న కొద్దిపాటి వ్యవధి కూడా తగ్గినది. అందుచేత అనుమతి తరువాతి పర్యవేక్షణ మునుపటికంటె ముఖ్యమైనది. ఆమోదం పొందిన ప్లాను ప్రతిని నిర్మాణం జరిగినంత కాలం స్థలం వద్ద ప్రదర్శించవలెనని, కంప్లీషన్ సర్టిఫికేటు లేనిదే విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వరాదని సుప్రీం కోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించింది. ఆ ప్లాను బోర్డు లేని స్థలం ఫోటో ఒక్కటే మంచి వార్త కాగలదు.

ఆచరణలో నివాసులను ఎక్కువగా వేధించేది సెల్లారు తవ్వకం. పక్క ఇంటి ప్రహరీకి ఆనుకొని రెండు మూడు అంతస్తుల లోతున తవ్వి, వర్షాకాలంలో రిటైనింగ్ వాల్ కట్టకుండా వదిలివేసినచో ఆ ప్రహరీ, దానితో పాటు ఇంటి పునాది ప్రమాదంలో పడతాయి. ఇటువంటి ఫిర్యాదు వచ్చిన వెంటనే, వినియోగ మార్పిడి ఫైలుతో ముడిపెట్టకుండా, ఇంజనీరును పంపించవలసి ఉన్నది. రాత్రిపూట చప్పుడు మరొకటి. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అనగా 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు. ఆ సమయంలో శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతాలలో వాడరాదని 2010 నాటి సవరణలో స్పష్టంగా ఉన్నది. దీనికి గెజిట్ గడువుతో నిమిత్తం లేదు, ఏ రాత్రియైనా ఫిర్యాదు చేయవచ్చును.

వార్తలు వ్రాసేటప్పుడు గమనించవలసినవి

నాలా మార్పిడినీ, మాస్టర్ ప్లాన్ వినియోగ మార్పిడినీ ఒకటిగా వ్రాయడం తరచుగా కనిపించే పొరపాటు. మొదటిది వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రెవెన్యూ రికార్డులలో మార్చడం, 2006 నాటి చట్టం కింద వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఆ చట్టాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. రెండవది పట్టణ ప్రణాళిక విభాగానికి చెందినది. నాలా రుసుము చెల్లించినంత మాత్రాన హరిత మండలంలోని భూమి నివాస మండలం కాదు. ఈ తేడా తెలియక ప్లాటు కొని నష్టపోయినవారు నగర శివార్లలో అనేకులు ఉన్నారు.

నివాసుల అభ్యంతరాలన్నీ సమంజసమైనవేనని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మురుగునీటి శుద్ధి కేంద్రం, శ్మశానవాటిక, పేదల ఇళ్ళు ఊరికి కావాలి గాని మా వీధిలో వద్దు అనే అర్జీలు కూడా వస్తుంటాయి. వాటిని తోసిపుచ్చినా, ఎందుకు తోసిపుచ్చినదీ తుది ఉత్తర్వులో రెండు వాక్యాలు వ్రాయడం సముచితం. "అభ్యంతరాలను పరిశీలించడమైనది" అని మాత్రమే ఉన్న ఉత్తర్వు న్యాయస్థానంలో నిలబడడం కష్టం. మరి అభ్యంతరం వ్రాసేవారు సైతం "మాకు ఇష్టం లేదు" అని వందమంది సంతకాలతో పంపడంకంటె, రహదారి అసలు వెడల్పు ఎంత, మురుగు కాలువ ఎక్కడ కలుస్తుంది, వాన నీరు ఏ వైపు పారుతుంది, పార్కింగు ఎక్కడ అన్న విషయాలను కొలతలతో వ్రాసినచో అధికారి సమాధానం చెప్పక తప్పదు. ముసాయిదాలోని జి.ఓ. లేదా ఫైలు నంబరు, సర్వే నంబరు ఉదహరించి, గడువు లోపల చేరినట్లు రసీదు పొందడం మరువరాదు.

జిల్లా పౌర సంబంధాల అధికారులు తమ జిల్లాలో ముసాయిదా ప్రకటన వెలువడిన వెంటనే దానిని ప్రకటనల విభాగానికి పంపి ఊరుకొనకుండా, సర్వే నంబర్లకు ఎదురుగా కాలనీ, వీధి పేర్లు చేర్చి, గడువు ముగిసే తేదీని స్పష్టంగా పేర్కొంటూ తెలుగులో పత్రికా ప్రకటనగా కూడా స్థానిక విలేఖరులకు అందజేయవలసిందిగా కోరడమైనది. స్థలాన్ని గుర్తించడంలో సందేహం ఉన్నచో మండల సర్వేయరు సహాయం తీసుకొనవచ్చును.

– పౌర సంబంధాల అధికారి